మా నాన్న ఎడమ చూపుడువేలు

మా పిన్ని కుట్టే బట్టలు బజారులో దొరకవు. ఆపరేషన్లయినవాళ్ళకి, వెన్ను వంగినవాళ్ళకి, ఒక చెయ్యి పొట్టిగా పుట్టినవాళ్ళకి, కాలు పోయి చక్రాల కుర్చీలో గడిపేవాళ్ళకి ఆమె కుడుతుంది. దుకాణంలో అద్దం ముందు నిలబడితే ఏడుపొచ్చేవాళ్ళు ఆమె దగ్గరికి వస్తారు, తలెత్తుకుని వెళ్తారు. ఈ పని గురించి మా ఇంట్లో ఎవరినడిగినా "ఏదో కుట్టుపని చేసుకుంటోంది" అంటారు. ఆ "ఏదో" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

నాకు కోపం ఎక్కువంటారు. ఉన్నమాటే. ఈ సంగతి చల్లగా చెప్పడం నాకు చేతకాదు, అలా చెప్పాలనీ లేదు.

మేం కింద ఉంటాం: నాన్న, అమ్మ, నేను. మేడ మీద బాబాయి, పిన్ని. వంట అందరికీ ఒక్కటే. వీధి వైపున్న చిన్నగది పిన్ని కుట్టుగది. అందులో పొడుగాటి బల్ల, దాని ఒక కొసన కుట్టుమిషను, ఇంకో కొసన కంప్యూటరు, తలుపు వెనక కొక్కేలకు సగం కుట్టిన బట్టలు. తలుపుకి లోపల గడియ ఉంది. కొలతలు తీసేటప్పుడు పిన్ని ఆ గడియ పెడుతుంది. మిగతా వేళల్లో మా ఇంట్లో ఏ తలుపుకీ గడియ పడదు. గడియ పెట్టుకుంటే "లోపలేం కొంపలు మునుగుతున్నాయి?" అని మా నాన్న బయటినుంచి అడుగుతారు.

పిన్ని పని టేపు ఒక్కదానితో అయ్యేది కాదు. వంగిన వెన్ను ఎటు ఎంత వంగిందో టేపు చెప్పదు. అందుకని వచ్చినవాళ్ళని గళ్ళగుడ్డ ముందు నిలబెట్టి ముందు నుంచీ, వెనక నుంచీ, పక్క నుంచీ ఫొటోలు తీస్తుంది. మొహం రానివ్వదు, మెడ కింద నుంచే. ఒంటి మీద గుడ్డ ఎంత తక్కువుంటే కొలత అంత సరిగ్గా వస్తుంది. ఆ ఫొటోలు కంప్యూటరులో పెట్టి, వాటి మీద గీతలు గీసుకుని, కాగితం మీద అసలు సైజుకి తీసి, దాన్నిబట్టి గుడ్డ కత్తిరిస్తుంది. ఎవరి ఫోల్డరుకీ వాళ్ళ పేరు ఉండదు. నీలం గొడుగు, బస్సు డ్రైవరు, నవ్వుల తాత, ఇలా తను పెట్టుకున్న పేర్లు ఉంటాయి. ఫొటో తీసే ముందు ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెబుతుంది, ఇవి నేను తప్ప ఇంకెవరూ చూడరు అని. ఆమె పనంతా ఆ మాట మీదే నిలబడింది. కత్తెర పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఆ మాట పోతే ఇక ఆ గదిలోకి ఎవరూ రారు.

కంప్యూటరు పిన్ని సంపాదనతో కొన్నదే. కానీ పెట్టె విప్పింది మా నాన్న. మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా పెద్దవాడి చేతి మీదుగానే విప్పాలి, పెద్దవాడి పేరు మీదే ఉండాలి. కరెంటు మీటరు ఆయన పేరు, కుళాయి ఆయన పేరు, బాబాయి నడిపే స్కూటరు కూడా ఆయన పేరే. కంప్యూటరు తొలిసారి వెలగగానే నీ పేరేమిటని అడిగింది. దానికేం తెలుసు పాపం. మా నాన్న తన పేరు కొట్టారు. మొదట పేరు కొట్టినవాళ్ళే దానికి అడ్మినిస్ట్రేటర్ అవుతారు, అంటే దాని మీద సర్వాధికారి. ఎవరికి అకౌంట్ ఇవ్వాలి, ఎవరిది పీకేయాలి, ఎవరి పాస్‌వర్డ్ మార్చాలి, అన్నీ ఆ పేరు చేతిలో ఉంటాయి. ఆ తర్వాత ఆయన పిన్నికి ఒక అకౌంట్ తెరిచి దానికి 'చిన్నకోడలు' అని పేరు పెట్టారు. తన కంప్యూటరులో తనే అద్దెకున్నట్టు అయింది ఆమె బతుకు. బాబాయి చూస్తూ నిలబడ్డాడు. ఆయన పుట్టినప్పటి నుంచీ చూస్తూనే నిలబడ్డాడు.

పిన్ని వేళ్ళకి ఎప్పుడూ సుద్దపొడి అంటుకుని ఉంటుంది. మాటిమాటికీ పాస్‌వర్డ్ కొట్టడం కష్టమని వేలిముద్రతో తెరుచుకునే కీబోర్డు తెప్పించుకుంది. అమర్చే పని మళ్ళీ మా నాన్నదే. ముందు పిన్ నంబరు పెట్టమంటే ఇంటి ఫోను చివరి అంకెలు పెట్టారు, గుర్తుంటుందని. ఆ అంకెలు పాలవాడికి కూడా తెలుసు. తర్వాత పిన్ని బొటనవేలు పెట్టించారు. ఆమె ఇస్త్రీపెట్టె కట్టేయడానికి అటు తిరిగింది. ఇంకో వేలు కూడా చేర్చమంటావా అని కంప్యూటరు అడిగింది. మా నాన్న తన ఎడమ చూపుడువేలు పెట్టారు.

ఇది దొంగచాటుగా చేసిన పని కాదు. నాకు అందుకే ఇంకా మంట. తప్పని తెలిసి చేసినవాణ్ణి నిలదీయొచ్చు. ఆయనకి అది తప్పని తోచనే లేదు. ఇంట్లో తలుపన్నది పెద్దవాడికి తెరుచుకోవాలి, అంతే. అవసరానికి ఉంటుందని పెట్టానని అమ్మతో అన్నారు. పిన్నితో అనాలని మాత్రం తోచలేదు.

ఏళ్ళ తరబడి సూదులు గుచ్చుకుని పిన్ని బొటనవేలి మీద గీతలు అరిగిపోయాయి. వేలు పెడితే ఒక పట్టాన తెరుచుకునేది కాదు. తుడుచుకుని మళ్ళీ పెట్టాలి, ఊదుకుని మళ్ళీ పెట్టాలి. మా నాన్న వేలు పెడితే చటుక్కున తెరుచుకునేది. ఆమె కంప్యూటరు ఆమెని గుర్తుపట్టేది కాదు, ఆయన్ని గుర్తుపట్టేది. అప్పట్లో ఇది పిన్నికీ నాకూ తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కీబోర్డుని నేలకేసి కొట్టాలనిపిస్తుంది.

మా వీధి చివర లైబ్రరీలో ఒకావిడ కౌంటరు దగ్గర కూర్చుంటుంది. తీసుకెళ్ళే పుస్తకాల మీద ముద్ర వేసేది ఆవిడే. మాట తక్కువ, పని శుభ్రం. ఒకసారి చాలా రోజులు సెలవు పెట్టి మళ్ళీ వచ్చింది. జబ్బు చేసి ఎడమ రొమ్ము తీసేశారు. ఈ సంగతి నాకు తెలిసి ఉండకూడదు. ఎలా తెలిసిందన్నదే నా కోపం.

ఆవిడ పిన్ని దగ్గరికి కొన్నాళ్ళు ఊరికే వచ్చి వెళ్ళింది. గుడ్డల రంగులు చూసేది, గడియ వైపు చూసేది, మళ్ళీ వస్తానని లేచేది. పిన్ని తొందరపెట్టలేదు. చివరికి ఒకరోజు ఆవిడే గడియ పెట్టుకుంది. పిన్ని ఫొటోలు తీసి, లోపల మెత్త పెట్టి రెండువైపులా సమంగా కనిపించే జాకెట్టు ఒకటి మొదలుపెట్టింది. ఆ మెత్త సరిగ్గా కుదిరేదాకా కుట్టి విప్పి, కుట్టి విప్పి చూసుకుంది. ఫోల్డరుకి 'లైబ్రరీ' అని పేరు పెట్టుకుంది.

మా నాన్నకి సెలవురోజుల్లో కంప్యూటరు శుభ్రం చేసే పిచ్చి ఉంది. డిస్కులో ఏది ఎక్కువ చోటు తింటోందో చూసి, "ఇదంతా అవసరమా?" అని గొణుక్కుంటూ ఒక్కొక్కటే తెరుస్తారు. ఒక ఆదివారం పిన్ని గుడ్డలు కొనడానికి బజారుకి వెళ్ళింది. ఈయన వెళ్ళి ఎడమ చూపుడువేలు పెట్టారు. పక్కన అమ్మ కుర్చీ వేసుకుని బఠానీలు ఒలుచుకుంటోంది. అన్నిటికంటే ఎక్కువ చోటు తింటున్నది 'లైబ్రరీ'. ఆయన తెరిచారు. చూడగానే ఛీ అని మూసేశారు. ఆ ఛీ తనని తాను అనుకున్నదేమోనని చాలా రోజులు నాకు ఆశ ఉండేది. కాదు, ఇలాంటివి ఇంట్లో పెడతారా అని పిన్నిని అన్నదట.

ఆయన మూసేసినా అమ్మ చూసింది. మొహం లేకపోయినా, లైబ్రరీ అన్న పేరూ, ఆ సెలవూ, పిన్ని దగ్గరికి ఆవిడ రాకపోకలూ అన్నీ కలుపుకుంది. మా అమ్మ మనసు వెన్న. బఠానీల గిన్నె ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. వెన్న మనసున్నవాళ్ళు నోరు కూడా కాస్త అదుపులో పెట్టుకుంటే బాగుండును.

తర్వాత పుస్తకం మార్చుకోవడానికి అమ్మతో నేనూ లైబ్రరీకి వెళ్ళాను. మా వెనక నలుగురైదుగురు పుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. అమ్మ కౌంటరు మీదుగా ఆవిడ చెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గించాననుకుంది. మా అమ్మ గొంతు తగ్గిస్తే వీధిలో సగానికి వినపడదు, అంతే.

"మీరేం దిగులు పెట్టుకోకండమ్మా. మా చెల్లి చేతిలో పడ్డారుగా. ఎడమవైపు లేదని కన్నవాళ్ళకి కూడా తెలియనివ్వదు."

ఆవిడ చేతిలో ముద్ర అలాగే ఉండిపోయింది. నెమ్మదిగా చెయ్యి విడిపించుకుని, అమ్మ పుస్తకం మీద ముద్ర వేసి, మూసి, ముందుకి జరిపింది. వరుసలో ఉన్నవాళ్ళందరి కళ్ళూ ఆవిడ జాకెట్టు మీదికి వెళ్ళాయి. నేను చూశాను, ఒక్కరు కూడా తప్పించుకోలేదు. ఆవిడ లేచి, పుస్తకాల బీరువాల వెనక్కి వెళ్ళిపోయింది. ఎంతసేపు చూసినా మళ్ళీ రాలేదు. బయటికి వచ్చాక అమ్మ "పాపం, నా మాటకి కరిగిపోయింది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి వచ్చి పిన్నికి చెప్పాను. ఆమె చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేసింది. అరవలేదు. వంటింట్లోకి వెళ్ళి, ఆ విషయం మీకెలా తెలుసక్కయ్యా అని అడిగింది. అమ్మ ఏ కల్మషం లేకుండా, మీ బావగారు వేలు పెడితే తెరుచుకుంది కదా అంది. ఏ వేలో కూడా చెప్పింది.

పిన్ని ఆ సాయంత్రమే ఆ జాకెట్టు తీసుకుని లైబ్రరీ ఆవిడ ఇంటికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. ఆవిడ తలుపు పూర్తిగా తీయలేదు. పిన్ని జరిగింది జరిగినట్టు చెప్పింది. తన వేలు పక్కన ఇంకో వేలు ఉందని తనకే తెలియదని చెప్పింది. ఆవిడ అంతా విన్నది.

"మీరొక్కరే చూస్తారన్నారు," అంది. తలుపు మూసేసింది.

దారిపొడుగునా నేను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ నడిచాను. నాన్నని, అమ్మని, బాబాయిని, కీబోర్డుని, ఎవరినీ వదల్లేదు. ఇంటికి రాగానే పిన్ని కుట్టుగదిలోకి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. సెట్టింగ్స్‌లో సైన్ ఇన్ చేసే పద్ధతులన్నీ ఉండే చోటు వెతికి పట్టుకుంది. వేలిముద్రలు అని ఉంది. ఎవరివో రాసి లేదు. ఆయన వేలు ఒక్కటే తీసేద్దామంటే కుదరదు, తీసేస్తే అన్నీ పోతాయి. పిన్ని తన వేలు కూడా కలిపి తీసేసింది. పిన్ నంబరు మార్చింది. మళ్ళీ తన బొటనవేలు ఒక్కటే పెట్టింది. పొడిపొడిగా అరిగిన ఆ వేలిని ఎత్తి పెట్టి, ఎత్తి పెట్టి, అది ఒప్పుకునేదాకా వదల్లేదు.

అంతటితో అయిపోలేదని ఆమెకే కనిపించింది. ఆయన పేరు కింద ఇంకా అడ్మినిస్ట్రేటర్ అనే ఉంది. అంటే ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆమె పాస్‌వర్డ్ మార్చగలరు, అకౌంట్ మొత్తం పీకేయగలరు, తన అకౌంట్లోంచే ఆమె ఫోల్డర్లలో దూరగలరు. ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచినట్టే. ఆ హోదా మార్చాలంటే ఆయన పాస్‌వర్డ్ కావాలి. ఆమె నాన్నని పిలిచింది. ఆయనతో పాటు అందరం వచ్చాం.

తనని అడ్మినిస్ట్రేటర్ చేసి, ఆయన మామూలు యూజరుగా ఉండమని పిన్ని అడిగింది. మా నాన్న మొదట నవ్వారు. ఆ నవ్వు చిన్నపిల్లలు అన్నం వద్దన్నప్పుడు పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. తర్వాత మొహం గంటు పెట్టుకున్నారు. తను పరాయివాడా అన్నారు. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఒకరి దగ్గర ఒకరికి దాపరికాలు లేవన్నారు. నలుగురూ తిరిగే ఇంట్లో అలాంటి బొమ్మలు పెట్టుకోవడం పద్ధతేనా అన్నారు. రేపు నీకేదైనా అయితే కంప్యూటరు ఎవరు తెరుస్తారన్నారు. అన్నీ అయ్యాక, పాపం నీ మంచికేనమ్మా అన్నారు. అమ్మ, ఇంత చిన్న విషయానికి రాద్ధాంతం ఎందుకు చెల్లీ అంది. పిన్ని బాబాయి వైపు చూసింది. బాబాయి, అన్నయ్య చెప్పినట్టు కానిద్దాం అన్నాడు.

అప్పుడు నేను అరిచాను. ఏమన్నానో సగం గుర్తులేదు. గడియ పెట్టిన గదిలోకి వేలు పెట్టి దూరారని అన్నది గుర్తుంది. నాన్న చెయ్యి ఎత్తారు, దించారు. పిన్ని నన్ను ఊరుకోమంది. ఫోల్డర్లన్నీ కనిపించేలా తెరిచి, కుర్చీ కొంచెం పక్కకి జరిపింది.

"మీరన్నట్టే చేద్దాం బావగారూ. ఇంట్లో దాపరికాలు వద్దు. అందరూ ఇక్కడే ఉన్నారు. ఒక్కొక్కటీ తెరుస్తాను, అందరం చూద్దాం."

నీలం గొడుగు, బస్సు డ్రైవరు, నవ్వుల తాత. బాణం గుర్తు ఒక్కో పేరు మీదుగా కిందికి దిగింది. దిగి, ఒక పేరు దగ్గర ఆగింది. ఆ పేరు 'బావగారు'.

మా నాన్న దుకాణంలో కొన్న చొక్కా తొడుక్కోగా నేనెప్పుడూ చూడలేదు. పిన్ని కుట్టినవే తొడుక్కుంటారు, వాటికి కొలతలిచ్చేటప్పుడు తలుపు వేసుకుంటారు. రెడీమేడ్ గుడ్డ నాసిరకమని అనేవారు, నేను నమ్మాను. ఎంత ఉక్కగా ఉన్నా హాల్లో చొక్కా విప్పరు, పెద్దమనిషి తరహా అనుకున్నాను. ఆ బాణం అక్కడ ఆగగానే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది తెరవనా?" అని అడిగింది పిన్ని. గొంతులో హెచ్చుతగ్గులు లేవు.

మా నాన్న కుర్చీలో కూర్చుని, కీబోర్డు దగ్గరికి లాక్కుని, తన పాస్‌వర్డ్ కొట్టారు. పిన్ని ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కారు. ఆమె పేరు కింద అడ్మినిస్ట్రేటర్ అని వచ్చింది, ఆయన పేరు కింద అది పోయింది. లేచి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయారు. 'చిన్నకోడలు' అన్న పేరు కూడా పిన్ని అప్పుడే మార్చేసింది. 'దర్జీ' అని పెట్టుకుంది.

నాకు ఉండబట్టలేదు. మర్నాడు పిన్నిని అడిగాను, ఆయన ఒప్పుకోకపోతే నిజంగా తెరిచేదానివా అని.

"తెరిచేదాన్ని కాదు. ఆయనైతే తెరిచేవారు, అందుకని నేనూ తెరుస్తాననుకున్నారు," అంది. ఆ ఫోల్డరులో ఏముందని మాత్రం నేను అడగలేదు. అడిగినా చెప్పదు.

కొన్నాళ్ళకి లైబ్రరీ ఆవిడ వచ్చింది. నా ఫొటోలు నా కళ్ళ ముందు చెరిపేయండి అందట. పిన్ని ఆవిడ ముందే చెరిపేసి, చెత్తబుట్ట గుర్తులోకి వెళ్ళి అక్కడినుంచీ తీసేసి, ఫోల్డరు లేకుండా చేసి చూపించింది. ఇప్పుడు తను తప్ప ఎవరూ తెరవలేరని కూడా చెప్పింది. ఆవిడ తల ఊపింది. ఇంకొక్కసారి తొడిగి చూస్తే మెత్త కుదిరిపోతుందని పిన్ని అంటే, వద్దు, మిగతాది నేనే చూసుకుంటానంది. పూర్తికాని జాకెట్టు సంచిలో పెట్టుకుంది. హాల్లో అమ్మ ఎదురెళ్ళి మంచినీళ్ళైనా తాగి వెళ్ళమంది. ఆవిడ అమ్మ మొహం చూడలేదు. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. లైబ్రరీలో కూడా ఇప్పుడు కౌంటరు దగ్గర వేరేవాళ్ళు కూర్చుంటున్నారు. ఆవిడ లోపల, ఎవరికీ కనపడని గదిలో పాత పుస్తకాలకి అట్టలు వేస్తోందని విన్నాను.

తప్పు చేశానని మా నాన్న ఇప్పటికీ అనలేదు. ఆ ఊసే ఎత్తరు. అమ్మ మాత్రం అప్పుడప్పుడు, మంచికి పోతే చెడు ఎదురైందని నిట్టూరుస్తుంది. నేను లేచి అవతలికి వెళ్ళిపోతాను.

మొన్న మా నాన్న కొత్త చొక్కా గుడ్డ చంకన పెట్టుకుని పిన్ని గదిలోకి వెళ్ళారు. నేను హాల్లోనే ఉన్నాను. గళ్ళగుడ్డ దించిన చప్పుడు వినిపించింది. పిన్ని ఎప్పటిలాగే, ఇవి నేను తప్ప ఇంకెవరూ చూడరు అని చెప్పడం వినిపించింది. లైబ్రరీ ఆవిడకి చెప్పిన మాటే. ఈయన విషయంలో అది అక్షరాలా నిజం. ఎందుకంటే ఈయన్ని చూడడానికి మా ఇంట్లో ఇంకో వేలు లేదు.

తర్వాత గడియ పడింది. తలుపు మూసుకునేటప్పుడు సందులోంచి చెయ్యి కనిపించింది. పెట్టింది మా నాన్నే.